విజిల్ పడేదాకా

ఫుట్‌బాల్ మైదానంలో మైకు పట్టుకుని ఎవరైనా "ఇప్పుడు మౌనం పాటిద్దాం" అంటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పోయినవాళ్ళంటే గౌరవం లేక కాదు. పోయినవాళ్ళను అడ్డం పెట్టుకుని ఉన్నవాళ్ళు ఊరేగడం చూసి చూసి ఒళ్ళు మండిపోయింది.

ఈ తంతు ఇప్పుడు మరీ ముదిరింది. ఆటకు ముందు మౌనం, జబ్బకు నల్ల పట్టీ, ఫొటోకు దండ, దండ వేసేవాడికి మళ్ళీ ఇంకో ఫొటో. ఎవరు పోయారో మైదానంలో సగం మందికి తెలియదు. తల దించుకుని, ఓరకంట బంతి ఎక్కడుందో చూసుకుంటూ నిలబడతారు. ఇది ఎక్కువైందా కాదా అని నన్నడిగితే, ఎప్పుడో ఎక్కువైందంటాను. మిగతా చోట్ల ఎట్లా మొదలైందో నాకు తెలియదు. మెదక్‌లో మాత్రం అది మా అన్న చావుతో మొదలైంది. ఎట్లా ఆగిందో కూడా నాకు తెలుసు. ఆపినవాళ్ళలో నేనొకణ్ణి, ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

మా ఇల్లు పెద్ద చర్చి వెనక సందులో ఉండేది. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మిషన్ బడి హాస్టల్లో వంట చేసి మా ఇద్దరినీ పెంచింది. అన్న వడ్రంగం నేర్చుకున్నాడు. పొద్దంతా చిత్రిక పట్టేవాడు, సాయంత్రం కాగానే ఖిల్లా కింది మైదానానికి పరుగెత్తేవాడు. ఊరి జట్టుకు గోల్‌కీపర్ అతనే. చేతులు ఎంత పెద్దవంటే, హాస్టల్ గిన్నెలు తోమడానికి అమ్మకు సాయం వెళ్తే ఒక్కో చేత్తో ఒక్కో గంగాళం పట్టుకుని లేచేవాడు. నేను అదే జట్టులో బ్యాక్ ఆడేవాణ్ణి. నన్ను దాటి వచ్చిన బంతికి అన్న ఉన్నాడనే ధీమాతో కాస్త బద్ధకంగా ఆడేవాణ్ణని అందరూ ఎగతాళి చేసేవారు. నిజమే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. మెదక్‌లో ఎండాకాలమంటే మామిడికాయలు, ఫుట్‌బాల్. వరి కోతలైపోయి చేతులు ఖాళీ అయ్యాక హవేలిఘనపూర్ నుంచీ ఎల్దుర్తి నుంచీ జట్లు వచ్చేవి. సగం మందికి బూట్లుండేవి కావు, మడమలకు గుడ్డ చుట్టుకుని ఆడేవారు. జనం బండ్లు కట్టుకుని వచ్చి మైదానం చుట్టూ కూర్చునేవారు. క్లబ్బుకు అధ్యక్షుడు ఒక పెద్దమనిషి. ఊరంతా ఆయన్ని పటేల్ అనేది. బియ్యం మిల్లు, రోడ్డు కాంట్రాక్టులు, అన్నిటికీ మించి మిలిటరీ వేలంలో కొన్న జీపు. ఊళ్ళో ఆ జీపు హారన్ తెలియని కుక్క లేదు. ఆయన బంతిని కాలితో తాకగా నేను చూడలేదు, కానీ కప్పును మాత్రం కన్నబిడ్డలా ఎత్తుకునేవాడు.

ఆ యేడు ఫైనల్ ఎల్దుర్తి జట్టుతో పడింది. మేము ఒక గోలు ముందున్నాం. ఆట అయిపోవస్తుండగా వాళ్ళ ఫార్వర్డ్ నన్ను దాటేసి ఒక్కడే దూసుకుపోయాడు. అన్న అతని కాళ్ళ మీదికి దూకి బంతిని గుండెలకు హత్తుకున్నాడు. ఫార్వర్డ్ మోకాలు అన్న డొక్కలో దిగింది. తప్పు ఆ కుర్రాడిది కాదు, అది ఆట. అన్న లేచాడు, బంతిని నడి మైదానం దాకా తన్నాడు కూడా. గెలిచాం. జట్టంతా అన్నను భుజాల మీదికి ఎత్తింది. కిందికి దించినప్పుడు చూశాను, ముఖంలో రక్తం చుక్క లేదు. "కడుపుల ఏందో అయితుందిరా, జర పట్టుకో" అన్నాడు. అంతవరకు ఏ దెబ్బకూ పట్టుకోమని అడిగినవాడు కాదు.

రిక్షాలో మిషన్ దవాఖానకు తీసుకెళ్ళాం. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరమ్మ సెలవు మీద స్వదేశం వెళ్ళింది. ఉన్న డాక్టరు కడుపు నొక్కి చూసి, "లోపల రక్తం పోతున్నది. వెంటనే హైదరాబాద్ తీస్కపోవాలె. గంట గడిచిన కొద్ది కష్టం" అన్నాడు. దవాఖాన బండి పల్లెల మీదికి పోయి ఉంది. బస్సు వెళ్ళిపోయింది. ఊళ్ళో మిగిలింది పటేల్ జీపు. నేను అన్న పక్కన ఉండిపోయాను. అమ్మ చెప్పుల్లేకుండానే బజారుకు పరుగెత్తింది.

తర్వాత జరిగింది అమ్మ నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. జీపును బంతిపూలతో పెళ్ళిబండిలా అలంకరించారు. ముందు బ్యాండు. పటేల్ జీపులో నిలబడి కప్పును రెండు చేతులా పైకెత్తి చూపిస్తున్నాడు. అమ్మ జీపుకు అడ్డంగా నిలబడి దండం పెట్టింది. డాక్టరు చెప్పినదంతా చెప్పింది. పటేల్ కిందికి వంగి ఎంతో మంచిగా మాట్లాడాడట.

"కప్పు ఊరు సుట్టు తిరగాలె గదమ్మా. ఇది నీ కొడుకు గెలుపే గదా. జర ఆగు, తిరిగి రాంగనె పంపిస్త. దెబ్బలు తాకుతయి, తగ్గుతయి."

అమ్మ ఆగింది. ఆగడమంటే నిలబడలేదు, జీపు వెనకే నడిచింది. ఊరేగింపు అయిన మరుక్షణం డ్రైవరును పట్టుకోవాలని ఆమె ఆశ. కప్పు రాందాస్ చౌరస్తా వైపు తిరిగింది, బజారంతా తిరిగింది, మిల్లు దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. అమ్మ దాని వెనకే నడిచింది. దారి పొడుగునా జనం ఆమెను గుర్తుపట్టారు. గెలిపించినవాడి తల్లి ఊరేగింపులో నడుస్తోందని మురిసిపోయి, ఎవరో ఆమె మెడలో దండ వేశారు. బ్యాండు మోతలో ఆమె చెప్పింది ఎవరికీ వినపడలేదు. సంతోషంతో ఏడుస్తోందనుకున్నారు.

జీపు దవాఖాన ముందుకు వచ్చేసరికి పొద్దు వాలింది. అన్నను వెనక సీట్లో పడుకోబెట్టాం. బంతిపూలు తీసే తీరిక ఎవరికీ లేదు. నర్సాపూర్ అడవి దాటకముందే అన్న నా ఒళ్ళో పోయాడు. అమ్మ మెడలో ఆ దండ అప్పటికీ ఉంది.

పగ అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. పుస్తకాల్లో రాసినట్టు అది నిప్పులా ఉండదు. అన్నం తింటున్నప్పుడు నోట్లో రాయి తగిలినట్టు, ప్రతి ముద్దలోనూ ఉంటుంది.

చేయాల్సినప్పుడు ఏమీ చేయనివాళ్ళే తర్వాత చాలా చేస్తారు. మరుసటి ఎండాకాలం టోర్నమెంటుకు అన్న పేరు పెట్టారు. ఫైనల్ రోజు పటేల్ జీపు మా సందు మొగలో వచ్చి ఆగింది, అమ్మను మైదానానికి తీసుకెళ్ళడానికి. చావుబతుకుల్లో ఉన్న కొడుక్కి దొరకని జీపు, ఫొటోకు పక్కన కూర్చోవడానికి తల్లికి దొరికింది. నేను వద్దన్నాను. చర్చి సంఘం పెద్దలు వచ్చి, రాకపోతే కొడుకును అవమానించినట్టవుతుందని పటేల్ అంటున్నాడని నచ్చజెప్పారు. అమ్మ ఎక్కి కూర్చుంది. సీటు అంచున, దిగిపోయేదానిలా కూర్చుంది.

ఆ యేడు మౌనం, ఒక ఉపన్యాసం, అంతే. తర్వాతి యేడు రెండు జట్లకూ నల్ల రిబ్బన్లు వచ్చాయి. ఆ తర్వాత బంతికే నల్ల రంగు వేశారు. మొదటి హాఫ్ అయ్యేసరికి గోల్‌కీపర్ల చొక్కాలూ ముఖాలూ నల్లబడి, గుర్తుపట్టడం కష్టమైంది. ఇంకో యేడు అన్న ఫొటోను నిలువెత్తున రాయించి గోల్‌పోస్టు మధ్యలో నిలబెట్టారు. ఆట మొదలుపెట్టే వేళకు దాన్ని తీయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, పటేల్ చెబితే తప్ప. నాలుగు దిక్కులా లౌడ్‌స్పీకర్ గొట్టాలు కట్టించి, పటేల్ మైకులో ఏడ్చేవాడు. ఏడుపు మధ్యలో నీళ్ళు తాగి మళ్ళీ ఏడ్చేవాడు. వచ్చిన ప్రతి అతిథీ ఏడవాలి, లేకపోతే బాగుండదు. ఉపన్యాసాలన్నీ అయ్యేసరికి చీకటి పడి, రెండో హాఫ్‌లో బంతి కనపడేది కాదు. "ఆట సూడనీకె వస్తిమా, దినాలకు వస్తిమా?" అని బండ్ల మీద కూర్చున్న ముసలివాళ్ళు గొణుక్కునేవారు.

మౌనం రుచి మరిగాక అది అన్న దగ్గర ఆగలేదు. పటేల్ మేనత్త పోతే మ్యాచ్‌కు ముందు మౌనం. తహసీల్దారు మామగారు పోతే మౌనం, ఆయన జన్మలో మెదక్ మొహం చూడలేదు. మా మైదానానికి ముగ్గు వేసి, గోల్‌పోస్టులు పాతి, చచ్చేదాకా రాళ్ళు ఏరిన ముసలాయన పోయినప్పుడు మాత్రం ఎవరూ తల దించలేదు. ఆయన మౌనానికి అర్హుడు కాదు కాబోలు.

మా ఇంట్లో అన్నను తలుచుకునే పద్ధతి వేరు. ఈస్టరు ముందు రోజు సమాధుల తోటకు వెళ్ళి, గడ్డి పీకి, సమాధికి సున్నం కొడతాం. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తి పెట్టి ఒక పాట పాడి వస్తాం. సున్నం అమ్మే కలిపేది, అమ్మే కొట్టేది, నన్ను కుంచె ముట్టనిచ్చేది కాదు. అదొక్కటే ఆమెకు మిగిలింది.

ఒక యేడు మేము వెళ్ళేసరికి సమాధి క్లబ్బు జెండా రంగుల్లో నిగనిగలాడుతోంది. ఆకుపచ్చ ఒక పక్క, పసుపు ఒక పక్క, ఆయిల్ పెయింటు. తల దగ్గర "క్రీడాభిమాని, దాత" అని పటేల్ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో అన్న పేరు. అమ్మ సున్నం బిందె కింద పెట్టింది. తర్వాత ఇంటికి వెళ్ళి కూరగాయల కత్తి తెచ్చింది. వద్దంటే వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ రంగంతా గీకింది. ఆయిల్ పెయింటు అంత సులువుగా పోతుందా? పండగ వెళ్ళిపోయినా, హాస్టల్ వంట అయ్యాక రోజూ వెళ్ళి గీకేది. గోళ్ళలో ఆకుపచ్చ రంగు ఇరుక్కుని ఉండేది. ఆ చేతులతోనే అన్నం పెడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు. ఆ కత్తి మళ్ళీ దేనికీ పనికి రాలేదు.

ఈ మధ్యలో నేను ఆడటం మానేశాను. అన్న లేని గోలు ముందు నిలబడలేకపోయాను. ఒక బడిలో డ్రిల్లు మాస్టరు ఉద్యోగం దొరికింది. హైదరాబాద్ వెళ్ళి రెఫరీ పరీక్ష కూడా పాసయ్యాను. చిన్న మ్యాచ్‌లకు విజిల్ వేసేవాణ్ణి. మా టోర్నమెంటుకు మాత్రం పటేల్ ఎప్పుడూ బయటినుంచే రెఫరీని పిలిపించేవాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఖిల్లా కింది మైదానంలో గోలు దగ్గర ఎర్రచీమలు జాస్తి. ఒక ఫైనల్‌లో, మౌనం జరుగుతుండగా, హవేలిఘనపూర్ గోల్‌కీపర్ వంగి కాలు గీరుకున్నాడు. పటేల్ మైకు దగ్గరినుంచి విసవిసా నడిచి వెళ్ళి, ఊరందరి ముందూ అతని చెంప మీద కొట్టాడు. పెళ్ళయి పిల్లలున్న మనిషి, మగ్గం నేసేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగినా తల ఎత్తలేదు. పటేల్ మైకు దగ్గరికి తిరిగి వచ్చి ఆ రోజే చట్టం చేశాడు.

"ఇనుండ్రి, ఇప్పటి సంది ఇదే చట్టం. రెఫరీ విజిల్ ఏసెదాక ఎవ్వలు కదలొద్దు, ఎవ్వలు మాట్లాడొద్దు. తహసీల్దార్ సాబైనా సరే, నేనైనా సరే. గంతే."

జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ఇంకొకటి కలిపాడు. ఫొటో ముందుకు అతిథులెవరూ చెప్పులతో రాకూడదు, ఉత్త కాళ్ళతో రావాలి. ఆటగాళ్ళకు మాత్రం మినహాయింపు. ఆయన చట్టాలు చేస్తుంటే నేను జనంలో నిలబడి విన్నాను. అప్పుడు నాకేమీ తట్టలేదు, ఆ గోల్‌కీపర్ చెంప తప్ప ఏమీ కనపడలేదు.

సమాధి రంగు గీకిన ఎండాకాలమే పటేల్ స్వయంగా మా ఇంటికి వచ్చాడు. ఆయన పోటీ చేసే మున్సిపాలిటీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. అరుగు మీద కూడా కూర్చోలేదు, గుమ్మం ముందు నిలబడే మాట్లాడాడు.

"సారూ, ఈపారి ఫైనలుకు విజిల్ నువ్వే ఎయ్యాలె. ఒక దిక్కు అన్న ఫొటో, ఒక దిక్కు తల్లి, నడుమ తమ్ముడు విజిల్ పట్టుకోని. మస్తుంటది. జనం కండ్లల్ల నీళ్ళు తిరగాలె."

ఎన్నేళ్ళ నుంచో నోట్లో తగులుతున్న రాయి అప్పుడు కదిలింది. ఆయన చేసిన చట్టాలు రెండూ గుర్తొచ్చాయి. మొదట ఆయన పాదాల వైపు చూశాను. మెత్తటి పంప్ షూలు, తెల్లటి చీలమండలు.

"ఏస్త పటేలా" అన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటాననుకోలేదేమో, ఆయన మురిసిపోయి నా భుజం తట్టాడు. లోపల గిన్నెలు సర్దుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆయన వెళ్ళాక, "నిజంగనే ఏస్తవా?" అంది. "ఏస్తనే, నాకు ఎప్పుడనిపిస్తే గప్పుడు ఏస్త" అన్నాను. అమ్మ నన్ను చూసింది. మళ్ళీ గిన్నెలు సర్దుకుంది.

ఫైనల్ రోజు ఎండ ఎట్లా ఉందంటే, ఎర్ర కంకర మొరం నేల మీద కుక్కలు కూడా అడుగు పెట్టకుండా నీడ వెంట తిరుగుతున్నాయి. జీపు వస్తే అమ్మ ఎక్కలేదు. నడిచే వచ్చింది, జీపు ఆమె వెనక మెల్లగా వచ్చింది. నాకది చూడ్డానికి బాగుంది.

మైదానం నడుమ అన్న ఫొటో. దాని ముందు మైకు. షామియానా ఎక్కడో గట్టు దగ్గర ఉంది, మౌనం మాత్రం నడి ఎండలో. పటేల్ నల్ల షేర్వానీ వేసుకుని వచ్చాడు, విషాదానికి గుర్తుగా. పక్కన తహసీల్దారు, మిల్లు భాగస్వాములు, క్లబ్బు కమిటీ. అందరూ గట్టు మీదే చెప్పులు విడిచి, నవ్వు ముఖాలతో గబగబా నడిచి వచ్చి ఫొటో ముందు నిలబడ్డారు. రెండు పక్కలా జట్లు, మా ఊరిదీ, హవేలిఘనపూర్‌దీ. చెంపదెబ్బ తిన్న గోల్‌కీపర్ ఆ యేడూ వచ్చాడు. అమ్మ కుర్చీ ఫొటో పక్కన వేశారు. నేను కాన్వాసు బూట్లతో, నోట్లో విజిల్‌తో నడుమ నిలబడ్డాను.

పటేల్ మైకులో మాట్లాడి, ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "ఇగ మౌనం" అన్నాడు. తలలన్నీ వంగాయి.

మామూలుగా ఎంతసేపు నిలబడతారో అంతసేపు గడిచింది. తహసీల్దారు తల కొంచెం లేపాడు. పటేల్ కనుబొమలెత్తి నా వైపు చూశాడు. నేను చేతి గడియారం చూసుకుని, మళ్ళీ అన్న ఫొటో వైపు చూశాను. ఇంకాస్త గడిచింది. పటేల్ ఒక కాలి మీద బరువు వేసి రెండో కాలు లేపాడు. తర్వాత ఆ కాలు దించి ఇది లేపాడు. పక్కనున్న మిల్లు భాగస్వామి కూడా అదే చేస్తున్నాడు. కమిటీ అంతా ఆగి ఆగి అడుగు మారుస్తుంటే, నల్ల రిబ్బన్లు కట్టుకున్న కొంగల గుంపులా ఉంది. నాకు నవ్వు రాలేదు. నవ్వు వచ్చేంత తేలికగా లేదు నా మనసు.

పటేల్ దగ్గాడు. నేను వినలేదు. గుర్రుగా చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. అరవాలని ఉంది ఆయనకు, నోరు విప్పితే తన చట్టం తనే తప్పినట్టు. కదిలిపోవాలని ఉంది, కదిలితే కళ్ళ ముందే ఓట్లు. చెమట షేర్వానీ రంగుతో కలిసి మెడ దగ్గర నల్లగా కారుతోంది. నా ఒంట్లో ఇన్నేళ్ళూ బిగుసుకున్నది ఏదో ఒక్కొక్క పోగూ విడిపోతున్నట్టుంది. అన్న కడుపు పట్టుకుని దవాఖాన మంచం మీద ఎంతసేపు ఎదురుచూశాడో నాకొక్కడికే తెలుసు. దాంతో పోలిస్తే ఇదెంత?

ముందు జనానికి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చుట్టూ అంత మందిలో ఒక్కరూ కదలలేదు. పల్లీలు వేయించేవాడు గరిట పక్కన పెట్టి నిలబడ్డాడు. జట్లు రాళ్ళలా నిలబడ్డాయి. వాళ్ళ పాదాలకు ఆ నేల అలవాటే. హవేలిఘనపూర్ గోల్‌కీపర్ తల వంచే ఉంది, కానీ అతని కళ్ళు పటేల్ కాళ్ళ మీద ఉన్నాయి. ఊరంతా నాతో కలిసి మౌనం పాటించింది. మెదక్‌లో అంత శ్రద్ధగా జరిగిన సంతాపం అదొక్కటే.

అప్పుడు అమ్మ కుర్చీలోంచి లేచింది.

ఇది మేము అనుకున్నది కాదు. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు, ఆమె నాకేమీ చెప్పలేదు. కొంగు సర్దుకుని, నింపాదిగా నడిచి పటేల్ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయనకూ ఆమెకూ మధ్య మైకు. అమ్మ గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. హాస్టల్లో పిల్లల్ని అన్నానికి పిలవడానికి కూడా గంట కొట్టేది. ఆమె ఆయనతో మాత్రమే మాట్లాడింది. ఆయన తన ఏడుపు కోసం కట్టించిన గొట్టాలు ఆ మాటను నాలుగు దిక్కులా మోశాయి.

"ఆ దినం జీపెందుకియ్యలే పటేలా?"

ఆ మాట ఖిల్లా గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది.

"మీ ఎన్కనే ఊరంత నడిస్తి గదా."

పటేల్ నోరు తెరిచాడు. ఆ నోరు నా వైపు తిరిగింది. విజిల్ నా పెదవుల మధ్యే ఉంది, నేను ముక్కుతో ఊపిరి పీలుస్తున్నాను. ఆయన రెండు చేతులూ జోడించాడు, ఆమెకో నాకో తెలియదు. నేను ఊదలేదు. అమ్మ జవాబు కోసం అక్కడే నిలబడి ఉంది, ఉత్త పాదాలతో, కదలకుండా. ఆ రోజు ఊరేగింపులో దండ వేసిన వాళ్ళు కూడా ఆ జనంలో ఉండి ఉంటారు. ఒక ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడడం కనిపించింది.

ఎంతసేపైందో నాకు తెలియదు. తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకున్నారు. గంట అన్నవాళ్ళు కూడా ఉన్నారు, అది అబద్ధం. చివరికి పటేల్ మోకాళ్ళు వంగాయి. నల్ల షేర్వానీతో సహా ఆ మొరం మీద చతికిలబడి, అందరి ముందూ తన పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని ఊదుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ కదలొద్దన్న మనిషే కదిలాడు. చట్టం పోయింది.

అప్పుడు విజిల్ ఊదాను. ఒక్కసారి, చిన్నగా.

జనం ఒక్క పెట్టున గోల చేశారు. కమిటీ అంతా గట్టు వైపు గెంతుకుంటూ పరుగెత్తింది. పటేల్‌ను ఇద్దరు రెక్కలు పట్టుకుని మోసుకుపోయారు, జీపులో వేసుకుని దవాఖానకు వెళ్ళారు. ఆ వేళ జీపు మాత్రం క్షణం ఆలస్యం కాలేదు. ఫొటో తీసి పక్కన పెట్టించి నేను ఆట మొదలుపెట్టాను. వెలుతురు ఉండగానే ఆట అయిపోయింది. హవేలిఘనపూర్ గెలిచింది. నేనేమీ సాయం చేయలేదు, వాళ్ళ గోల్‌కీపర్ ఆ రోజు ఈగను కూడా లోపలికి పోనివ్వలేదు.

కమిటీ వాళ్ళు నన్ను పిలిపించి అడిగారు, బెదిరించారు, మాట్లాడుకున్నారు. "చట్టం మీదే, విజిల్ మీరే ఇచ్చిండ్రు" అన్నాను. నన్ను పొమ్మన్నారు. పటేల్ ఎన్నికల్లో ఓడిపోయాడు. ఎక్కడికి ఓట్లడగడానికి వెళ్ళినా, జవాబు చెప్పకుండా జనం తల దించుకుని మౌనంగా నిలబడేవారట. మరుసటి యేడు నుంచి మా మైదానంలో నల్ల రిబ్బను లేదు, ఉపన్యాసం లేదు. జీపు మా సందుకు రాలేదు. ఆయన పాదాలకు పొక్కులు లేచి చాలా రోజులు కట్లు కట్టుకుని తిరిగాడని విన్నప్పుడు నాకు జాలి కలగలేదు. ఇప్పుడూ కలగదు. క్షమించమని మా బోధకుడు చాలాసార్లు చెప్పాడు. ఆ మాటకు ఆయన ముందు తల ఊపి, ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఆ ఫైనల్ రోజు సాయంత్రం అమ్మా నేనూ నడుచుకుంటూ ఇంటికి బయలుదేరాం. దారిలో జనం పక్కకు తప్పుకుని మాకు దారి ఇచ్చారు. నేను ఆమెకు ఎంతో చేశాననే గర్వంతో, ఆమె నోటినుంచి ఒక మంచి మాట కోసం ఎదురుచూస్తూ నడుస్తున్నాను. చర్చి గోడ మలుపు దగ్గర ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"జల్ది ఊదినవ్ బిడ్డా" అంది. "ఇంకోపారి అడగాల్ననుకున్న."